పీసీ వేడెక్కుతోందా? వాటర్ కూలర్‌లో నీళ్లు పోసే ముందు ఇది చూడండి

ఎండాకాలం మొదలైతే చాలు, నాకొచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే మాట. "అన్నా, పీసీ మరీ వేడెక్కిపోతోంది. వాటర్ కూలర్‌లో నీళ్లు అయిపోయినట్టున్నాయి. ఎక్కడ పోయాలి?" ఇవాళ దీనికి తీరిగ్గా జవాబు చెప్తాను. ముందే ఒక మాట. మీ ఇంట్లో ఉన్నది మామూలు ఏఐఓ కూలర్ అయితే నీళ్లు ఎక్కడా పోయొద్దు, దాన్ని విప్పొద్దు. మీ సమస్య బహుశా నీళ్లలో లేదు, రేడియేటర్ మీద పేరుకున్న దుమ్ములో ఉంది.

ఏఐఓ అంటే ఆల్ ఇన్ వన్. పంపు, రేడియేటర్, రెండు నల్లటి రబ్బరు ట్యూబులు, అన్నీ కలిపి సీల్ చేసి ఒకే డబ్బాలో వస్తాయి. 240, 360 అని చెప్తుంటారు కదా, అది రేడియేటర్ సైజు, మిల్లీమీటర్లలో. ఒక్కో ఫ్యాన్ 120, అలాంటివి రెండుంటే 240, మూడుంటే 360. ఇంకో రకం కస్టమ్ లూప్. గాజులాంటి ట్యాంకు, అందులో రంగునీళ్లు, పారదర్శకమైన గొట్టాలు, అన్నీ విడివిడిగా కొని మనమే బిగించుకున్నవి. ఈ రెండింటి మెయింటెనెన్స్‌కీ అసలు పోలికే లేదు. ఒకదానికి చెప్పింది ఇంకోదానికి చేస్తే డబ్బులు పోతాయి. అందుకే మొదటి సగం ఏఐఓ, తర్వాత కస్టమ్ లూప్.

అసలు ఇది ఎలా పనిచేస్తుందో రెండు నిమిషాలు చూద్దాం. మీలో ఆర్15 గానీ డ్యూక్ 390 గానీ నడిపేవాళ్లు ఉంటారు. ముందు చక్రం వెనకాల నల్లటి జల్లెడలాంటిది ఉంటుంది కదా, అదే రేడియేటర్. ఇక్కడా అదే సంగతి. ప్రాసెసర్ మీద రాగి పలక కూర్చుంటుంది. ఆ పలక లోపలివైపు వెంట్రుకల్లాంటి సన్నటి కాలువలుంటాయి. వాటి మధ్య నుంచి పోయే ద్రవం వేడిని పట్టుకుని రేడియేటర్ దాకా మోసుకెళ్తుంది. అక్కడ ఫ్యాన్లు విసిరే గాలి ఆ వేడిని తీసేసుకుంటుంది. అంటే నీళ్లు వేడిని మాయం చేయవు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోస్తాయంతే. చివరికి వేడి పోవాల్సింది మీ గదిలోని గాలిలోకే.

ఇక్కడ చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. గదిలో 40 డిగ్రీలుంటే, ఎంత ఖరీదైన కూలర్ అయినా లోపలి నీళ్లు 40 కంటే చల్లబడవు. జనవరిలో మీ గది 22 డిగ్రీలు, అప్పుడు గేమ్ ఆడితే ప్రాసెసర్ 65 అనుకోండి. మే నెలలో గది 40కి వెళ్తే, అదే గేమ్‌కి ప్రాసెసర్ 83 దగ్గర కనిపిస్తుంది. కూలర్ పాడవలేదు, గది వేడెక్కింది. కాబట్టి ప్రాసెసర్ ఎంతుందో రాసుకునేటప్పుడు పక్కనే గది ఎంతుందో కూడా రాసుకోండి. ఆ రెండింటి తేడా పెరిగితేనే కూలర్ సంగతి చూడాలి. తేడా అలాగే ఉంటే ఏసీ వేసుకోండి, లేదా కిటికీ తీయండి, అంతే.

మరి తేడా నిజంగా పెరిగితే? మా పిన్నిగారబ్బాయి విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. వాడికి ఆ పీసీయే తిండి పెట్టేది. మొన్న మే నెలలో, చేతిలో మూడు పెళ్లిళ్ల డెలివరీ ఉండగా, రెండర్ పెట్టిన పావుగంటకి మిషన్ నత్తనడక మొదలెట్టింది. ప్రాసెసర్ 98 డిగ్రీలు. దగ్గర్లోని షాపుకి తీసుకెళ్తే, "కూలర్ పోయింది, లోపల నీళ్లు ఇంకిపోయాయి, కొత్తది 14,000 అవుతుంది" అన్నారట. మూతైనా తీసి చూడలేదు. పెళ్లివాళ్లు ఇచ్చిన అడ్వాన్సు అప్పటికే అయిపోయింది. వాడు డబ్బు సర్దమని అడగడానికి నాకు ఫోన్ చేశాడు. నేను డబ్బు సంగతి పక్కనపెట్టి రెండు ప్రశ్నలు అడిగాను.

మొదటిది: వేడి ఎలా పెరుగుతోంది? టక్కున పెరుగుతోందా, మెల్లగా పెరుగుతోందా? ఈ ఒక్క ప్రశ్నకే సగం రోగం తెలిసిపోతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అది తెరిచి పెట్టుకుని, పక్కన ఏదైనా బరువైన పని మొదలెట్టండి. రెండర్ గానీ, సినీబెంచ్ గానీ. పని మొదలైన నాలుగైదు సెకన్లలోనే 95, 100కి ఎగిరిందంటే, వేడి ప్రాసెసర్ నుంచి నీళ్లలోకే ఎక్కడం లేదన్నమాట. పంపు ఆగిపోయి ఉండాలి, లేదా పేస్ట్ ఎండిపోయి ఉండాలి, లేదా రాగి పలక సరిగ్గా ఆనలేదు, లోపలి కాలువలు మూసుకుపోయాయి. అలా కాకుండా మొదట 70, ఐదు నిమిషాలకి 80, పావుగంటకి 95... ఇలా మెట్లెక్కినట్టు పోతే, వేడి నీళ్లలోకి బాగానే ఎక్కుతోంది, కానీ నీళ్లలోంచి గాలిలోకి దిగడం లేదు. అంటే రేడియేటర్, ఫ్యాన్లు, దుమ్ము. మావాడిది రెండో రకం.

ఒక చిన్న హెచ్చరిక. ఇప్పటి ప్రాసెసర్లు కొన్ని కావాలనే అంచు దాకా వెళ్తాయి. రైజెన్ 7000 సిరీస్‌కి 95 డిగ్రీలు అనేది కంపెనీయే పెట్టిన హద్దు, పూర్తి లోడ్‌లో అక్కడికి వెళ్లి నిలబడటం దానికి మామూలే. అలాంటివాళ్లు డిగ్రీల కంటే క్లాక్ స్పీడ్ పడిపోతోందా లేదా అన్నది చూడండి.

రెండో ప్రశ్న: పంపు తిరుగుతోందా? అదే సాఫ్ట్‌వేర్‌లో పంపు ఆర్‌పీఎం కనిపిస్తుంది. మావాడు స్క్రీన్‌షాట్ పంపాడు, 2,700 పైన నిలకడగా ఉంది. సున్నా ఉన్నా, పైకీ కిందకీ ఊగుతున్నా అనుమానించాలి. అయితే కంగారుపడే ముందు పంపు వైరు మదర్‌బోర్డులో ఎక్కడ గుచ్చారో చూడండి. ఏఐఓ పంప్ అని రాసున్న చోట ఉండాలి, బయోస్‌లో అది ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లో ఉండాలి. దాన్ని ఫ్యాన్‌లాగా తగ్గించి పెంచేలా పెట్టుకుని, పంపు పాడైందని బాధపడేవాళ్లని చాలామందిని చూశాను. చేత్తో చూసే పరీక్ష కూడా ఉంది. పది నిమిషాలు లోడ్ మీద నడిపాక రెండు ట్యూబులూ పట్టుకోండి. రెండూ దాదాపు ఒకేలా గోరువెచ్చగా ఉంటే నీళ్లు తిరుగుతున్నట్టే. ఒకటి కాలిపోతూ, రేడియేటర్ మాత్రం చల్లగా ఉంటే ప్రవాహం లేదు.

మావాడి పంపు బతికే ఉంది, ట్యూబులు రెండూ వెచ్చగానే ఉన్నాయి. ఇక మిగిలింది ఫోన్‌తో చేసే పరీక్ష. పీసీ ఆపి, రాత్రి గదిలో లైటు తీసేసి, రేడియేటర్‌కి ఒక వైపు ఫోన్ టార్చ్ పెట్టి రెండో వైపు నుంచి చూడమన్నాను. రేకుల సందుల్లోంచి వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు రావాలి. వాడికి ఒక్క గీత కూడా కనపడలేదు. మూడు ఫ్యాన్లూ విప్పితే, ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య బూడిదరంగు దుప్పటి పరిచినట్టుంది. గోటితో లాగితే అట్టలాగా ఊడొచ్చింది. ఇదే అసలు మోసం. బయటి నుంచి చూస్తే ఫ్యాన్ రెక్కలు శుభ్రంగానే కనిపిస్తాయి. ఫ్యాన్ లోపలికి నెట్టిన దుమ్మంతా దాని వెనకాల రేకుల మొహం మీద ఆగుతుంది, ఫ్యాన్ విప్పితే తప్ప కనపడదు. అరగంట పని. అదే గదిలో, అదే రెండర్, 98 కాస్తా 77. కూలర్ మార్చే ఖర్చు తప్పింది, మూడు పెళ్లిళ్లూ టైముకి వెళ్లాయి.

ఇప్పుడు ఆ అరగంట పని ఎలా చేయాలో చెప్తాను. పీసీ షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. ఏదైనా విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఏ వైరు ఎక్కడిది, ఫ్యాన్ ఏ వైపు మొహం పెట్టి ఉంది, ఇవన్నీ తర్వాత గుర్తుండవు. ఫ్యాన్లు మాత్రమే విప్పండి. రేడియేటర్ బయటికి వస్తే సరే, రాకపోతే ట్యూబులు లాగొద్దు. పెయింట్ వేసే మెత్తటి బ్రష్, ఒక అంగుళం వెడల్పుది, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. దాంతో రేకులు సాగిన దిశలోనే దులపండి, అడ్డంగా రుద్దితే వంగిపోతాయి, అవి కాగితమంత పల్చగా ఉంటాయి. తర్వాత చిన్న ఎలక్ట్రిక్ బ్లోయర్‌తో, దుమ్ము పట్టిన వైపు నుంచి కాదు, అవతలి వైపు నుంచి ఊదండి. దుమ్ము వచ్చిన దారినే వెనక్కి పోవాలి. ముందు నుంచి ఊదితే ఇంకా లోపలికి దిగబడుతుంది. ఫ్యాన్ల మీద ఊదేటప్పుడు రెక్కల్ని వేలితో పట్టుకోండి. వదిలేస్తే విపరీతమైన స్పీడులో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. పంక్చర్ షాపుకి తీసుకెళ్లి గాలి కొట్టించొద్దు. ఆ కంప్రెసర్ గాలిలో తేమ ఉంటుంది, నూనె ఉంటుంది, ప్రెషర్‌కి రేకులు పడుకుండిపోతాయి.

మీ పీసీ వంటింటి గోడ పక్కనో, దేవుడి గది పక్కనో ఉంటే దుమ్ము జిడ్డుగా ఉంటుంది. పోపు ఆవిరి, అగరుబత్తి పొగ, రెండూ కలిసి దుమ్ముని జిగురు చేస్తాయి. బ్రష్‌కి రాదు. ఫ్యాన్ రెక్కలకైతే గుడ్డ మీద కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి తుడవండి. రేకులకైతే అదే ఆల్కహాల్‌తో బ్రష్ తడిపి, ఓపిగ్గా పైపైన తీయండి. హాల్లో రోడ్డు వైపు కిటికీ ఉన్నవాళ్లు రెండు నెలలకోసారి, మిగతావాళ్లు మూడు నాలుగు నెలలకోసారి టార్చ్ పరీక్ష చేస్తే చాలు. వెలుతురు వస్తోందా, వదిలేయండి.

థర్మల్ పేస్ట్ సంగతి. వేడి టక్కున ఎగిరే రకం అయితేనే పంపు బ్లాక్ విప్పండి, ఊరికే సరదాకి విప్పొద్దు. విప్పే ముందు పీసీని ఐదు నిమిషాలు నడిపి కాస్త వెచ్చబెడితే పేస్ట్ మెత్తబడుతుంది. తర్వాత ఆపి, ప్లగ్ పీకి, స్క్రూలు తీసి, బ్లాక్‌ని ఎడమకీ కుడికీ మెల్లగా తిప్పుతూ వదులు చేసి పైకెత్తండి. ముఖ్యంగా ఏఎం4 బోర్డులున్న రైజెన్ వాళ్లు జాగ్రత్త. నిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి కూలర్‌కి అంటుకుని వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. పాత పేస్ట్‌ని ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది మధ్యలో పెట్టి, స్క్రూలని ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించండి.

కొందరు గుడగుడమని శబ్దం వస్తోందంటారు. రబ్బరు ట్యూబుల గోడల్లోంచి ద్రవం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరై బయటికి పోతూనే ఉంటుంది, సీల్ ఎంత బాగున్నా సరే. పోయిన మేరకు లోపల గాలి చేరుతుంది. ఆ గాలి ఎప్పుడూ లూప్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ ఎత్తైన చోటు పంపు కాకూడదు, అంతే రూలు. రేడియేటర్‌ని కేబినెట్ పైభాగంలో బిగిస్తే గాలి దాంట్లోకి వెళ్లి కూర్చుంటుంది, పంపుకి ఎప్పుడూ నీళ్లే అందుతాయి. రేడియేటర్‌ని కింద పెట్టి పంపుని పైన పెడితే, పంపు గాలి మింగుతూ తిరిగి త్వరగా పోతుంది. ఆ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి, ఆరు నెలల తర్వాత మళ్లీ రికార్డు చేసి పోల్చుకోవచ్చు.

"అయితే ఆ పోయిన నీళ్లు మనమే నింపుకోవచ్చు కదా అన్నా?" ఇదిగో, అసలు ప్రశ్న ఇక్కడుంది. చాలా ఏఐఓలలో ప్రాసెసర్ మీదుండే పలక రాగి, రేడియేటర్ మాత్రం అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాలు ఒకే నీళ్లలో ఉంటే ఏమవుతుంది? ఇంటర్ కెమిస్ట్రీలో చదువుకున్నదే, బ్యాటరీ అవుతుంది. అల్యూమినియం మెల్లగా తినేయబడుతుంది. అది జరక్కుండా కంపెనీవాళ్లు లోపల మామూలు నీళ్లు కాకుండా ప్రొపిలిన్ గ్లైకాల్, తుప్పు పట్టనివ్వని రసాయనాలు కలిపిన ద్రవం నింపుతారు. మీరు విప్పి ఇంట్లో నీళ్లు పోశారంటే ఆ కాపలా తీసేసినట్టే. కొన్ని నెలలకి లోపల బంక తయారై, ఆ వెంట్రుకల్లాంటి కాలువల్లో ఇరుక్కుంటుంది. కొన్ని మోడళ్లకి కంపెనీయే రీఫిల్ మూత పెట్టి, ద్రవం సీసా కూడా ఇస్తుంది, బీ క్వైట్ వాళ్ల ప్యూర్ లూప్ అలాంటిదే. వాటికైతే ఆ ద్రవమే పోయండి. మూత లేనివాటిని ముట్టుకోవద్దు. ఐదారేళ్ల వారంటీ చాలావాటికి ఉంటుంది, ఆ లోపు పంపు పోతే కంపెనీకి పంపండి. వారంటీ దాటి పంపు పోతే కొత్తది కొనడమే.

ఇక కస్టమ్ లూప్. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను, తిట్టుకుంటే తిట్టుకోండి. హాస్టల్లో ఉండేవాళ్లకి, ఏడాదికోసారి ఒక ఆదివారమంతా దీనికి ఇవ్వలేనివాళ్లకి ఇది వద్దు. చూడ్డానికి అక్వేరియంలా ఉంటుంది నిజమే. అక్వేరియంలాగే పని కూడా పెడుతుంది.

ఇందులో అన్నిటికంటే ముఖ్యం ఏ నీళ్లు పోస్తున్నాం అన్నది. మన దగ్గర బోరు నీళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. బకెట్ లోపలి అంచుకి తెల్లటి పొర, గీజర్ కాయిల్ మీద పెంకులాగా పేరుకున్న సున్నం, కుళాయి మూతికి ఉప్పు. ఫ్లోరైడ్ నీళ్ల గురించి నల్లగొండ పేరు దేశమంతా విన్నదే. వేడి తగిలిన చోట ఆ సున్నం ముందు పేరుకుంటుంది. మీ లూప్‌లో అన్నిటికంటే వేడి ఎక్కడ? ప్రాసెసర్ మీది సన్నటి కాలువల్లో. ఇక ఆర్వో నీళ్లు, 20 లీటర్ల క్యాన్ నీళ్లు. ఇవి తాగడానికి మంచివే, కానీ వీటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. మినరల్ వాటర్ సీసాల్లో అయితే కావాలనే కలుపుతారు, పేరులోనే ఉంది కదా. కావాల్సింది డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ షాపుల్లో దొరికే నీళ్లు కొనేటప్పుడు టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, సున్నా దగ్గర్లో చూపించాలి. చూపించకపోతే లేబుల్ మీద ఏం రాసున్నా వద్దు.

ఒట్టి డిస్టిల్డ్ వాటర్ కూడా సరిపోదు. పారదర్శకమైన గొట్టం, దాని మీద వెలుతురు, లోపల గోరువెచ్చటి నీళ్లు. మన చెరువుల్లో పాచి పట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? అందుకే పాచిని ఆపేది, తుప్పుని ఆపేది కలిపిన రెడీమేడ్ కూలెంట్ వాడండి, లేదా ఆ మందుని విడిగా కొని డిస్టిల్డ్ వాటర్‌లో కంపెనీ చెప్పిన కొలతకి కలపండి. కారు కూలెంట్ పోయొచ్చా అని అడుగుతారు. కారు కూలెంట్‌లలో ఎక్కువగా ఉండేది ఎథిలిన్ గ్లైకాల్, అది విషం, పైగా తియ్యగా ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలో, కుక్కపిల్లో ఉంటే కింద కారిన చుక్కే ప్రమాదం. అది కార్ల లోహాలకీ, కార్ల రబ్బరుకీ చేసింది, మన అక్రిలిక్ ట్యాంకుకి కాదు. పాలలాగా చిక్కగా కనిపించే రంగు కూలెంట్‌లు కూడా ఫొటోలకే బాగుంటాయి. ఆ రంగు పొడి మెల్లగా కిందకి దిగి కాలువల్లో పేరుకుంటుంది. రోజూ వాడే మిషన్‌కి రంగులేని ద్రవమే మంచిది. మురికి పడితే వెంటనే కనిపిస్తుంది కూడా. ఇంకో మాట, చవగ్గా వస్తున్నాయని అల్యూమినియం రేడియేటర్ కొని రాగి బ్లాక్‌కి కలపొద్దు. ఇందాక చెప్పిన బ్యాటరీ కథే.

మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్‌లో ఒకాయన ఉన్నారు, ఇంటి నుంచే త్రీడీ పని చేస్తారు. ఆయన లూప్ రెండేళ్లు ఎవరూ ముట్టుకోలేదు. "నీళ్లు మారిస్తే చాలు కదండీ" అన్నారు. ట్యాంకు గోడలు మసకబారాయి, పంపు ఫుల్ స్పీడులో ఉన్నా ట్యాంకులో నీళ్లు కదలడం లేదు. బ్లాక్ విప్పితే కాలువల నిండా తెల్లటి మైనంలాంటి పదార్థం. అది పాచి కాదు, సున్నం కాదు. మెత్తటి పీవీసీ గొట్టాలు వంగడానికి వాటిలో కలిపే పదార్థం ఊరి, నీళ్లలోకి దిగి, కాలువల్లో గడ్డకట్టింది. నీళ్లు ఎన్నిసార్లు మార్చినా అది పోదు. ఆయన ఆరోజు ఒప్పుకోకపోయుంటే ఇంకొన్నాళ్లకి పంపు కూడా పోయేది. అందుకే ఏడాదికోసారి నీళ్లు మార్చేటప్పుడు బ్లాక్ కూడా విప్పి చూడమంటాను.

నీళ్లు ఖాళీ చేసేటప్పుడు ప్లగ్ పీకి, కింద పాత తువ్వాళ్లు పరిచి, అన్నిటికంటే కిందున్న జాయింట్ దగ్గర విప్పండి. పైన ట్యాంకు మూత కూడా తీయాలి. నూనె డబ్బాకి రెండు చిల్లులు పెడితేనే నూనె ధారగా కారుతుంది, ఇదీ అంతే. బ్లాక్ విప్పేటప్పుడు ప్రతి స్క్రూకీ ఒక ఫొటో. లోపల రబ్బరు రింగు ఉంటుంది, దాని మీదే లీక్ అవకపోవడం ఆధారపడి ఉంది, కాబట్టి దాన్ని గోటితో గుంజకుండా తీసి పక్కన పెట్టండి. మెత్తటి టూత్‌బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, గోరువెచ్చటి నీళ్లు. కాలువల వెంబడే తోమాలి. రాగి నల్లబడి చిలుము పట్టి ఉంటే, నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌లోనో, కొంచెం నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలోనో కొన్ని నిమిషాలు ఉంచండి. మన అమ్మమ్మలు రాగి చెంబుల్ని చింతపండుతో తోమేవాళ్లు కదా, అదే కెమిస్ట్రీ, పులుపు చిలుముని కరిగిస్తుంది. అలాగని చింతపండు పెట్టి రుద్దేరు, పీచు కాలువల్లో ఇరుక్కుంటే మళ్లీ రాదు.

ఈ పులుపు వైద్యం ఒట్టి రాగికే. బ్లాక్ వెండిలాగా తెల్లగా మెరుస్తుంటే దాని మీద నికెల్ పూత ఉంది, పులుపు తగిలితే ఆ పూత దెబ్బతింటుంది, సబ్బునీళ్లతోనే సరిపెట్టుకోండి. అక్రిలిక్ భాగాలకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ స్పిరిట్ గానీ తగలనివ్వొద్దు. ఆరోజు బాగానే కనిపిస్తుంది, తర్వాత స్క్రూ రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్లు బయల్దేరతాయి. పేస్ట్ తుడవడానికి వాడిన ఆల్కహాల్ సీసా పక్కనే ఉంటుంది కదా అని దాంతోనే ట్యాంకు కూడా తుడిచేస్తుంటారు, అందుకే చెప్తున్నాను. రబ్బరు రింగుకి వ్యాసెలిన్ రాయొద్దు, పెట్రోలియం వల్ల ఆ రకం రబ్బరు ఉబ్బుతుంది. కావాలంటే సిలికాన్ గ్రీజు, అదీ పూత పూసినట్టు.

రేడియేటర్‌లో సగం దాకా వేడినీళ్లు పోసి, రంధ్రాలు మూసి, గిలక్కాయ ఊపినట్టు ఊపి పారబోయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా అదే పని. చివరి రెండు మూడు సార్లు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో. కొత్తగా కొన్న రేడియేటర్‌కి కూడా ఇది చేయాలి, తయారీలో అతుకులు వేసిన మందు లోపల మిగిలి ఉంటుంది. మెత్తటి గొట్టాలు మసకబారితే కడగొద్దు, కొత్తవి వేయండి. గట్టి గొట్టాలకైతే దారానికి చిన్న మెత్తటి గుడ్డ కట్టి, లంగాకి బొందు ఎక్కించినట్టు ఒక కొస నుంచి ఇంకో కొసకి లాగండి.

మళ్లీ నింపేటప్పుడు పంపుకే కరెంటు ఇవ్వాలి, మదర్‌బోర్డుకి ఇవ్వకూడదు. దానికి పవర్ సప్లై జంపర్ అని చిన్న ప్లగ్ దొరుకుతుంది. 24 పిన్నుల కనెక్టర్‌ని బోర్డు నుంచి పీకి ఆ ప్లగ్ పెడితే, బోర్డు లేకుండానే పవర్ సప్లై ఆన్ అవుతుంది. గ్రాఫిక్స్ కార్డుకీ ప్రాసెసర్‌కీ వెళ్లే పవర్ వైర్లు కూడా పీకేయండి. ట్యాంకు నింపి, రెండు సెకన్లు ఆన్, ఆఫ్, మళ్లీ నింపి, మళ్లీ ఆన్. పంపుని పొడిగా తిప్పితే దాని బేరింగ్ అరిగిపోతుంది, ఆ నీళ్లే దానికి కందెన. ప్రతి జాయింట్ కింద టిష్యూ పేపర్ ముక్క పెట్టి, కుదిరితే ఒక రోజంతా అలా తిరగనివ్వండి. టిష్యూ తడిస్తే ఎక్కడో వెంటనే తెలుస్తుంది. అర్జెంటు పని ఉందని గంటలో ముగించేవాళ్ల పీసీలే తర్వాత రిపేరుకి వస్తాయి.

చివరగా, లీక్ అయితే ఏం చేయాలి? ఏఐఓకైనా, కస్టమ్‌కైనా ఇదొకటే. తడి కనపడగానే షట్‌డౌన్ బటన్ వెతుక్కోవద్దు, గోడ దగ్గర స్విచ్ ఆపేయండి. సేవ్ చేయని ఫైలు పోతే పోనీ. మళ్లీ ఆన్ అవుతుందేమో అని ఒక్కసారి కూడా నొక్కొద్దు. స్వచ్ఛమైన నీళ్లలో కరెంటు పెద్దగా ప్రవహించదు నిజమే, కానీ లూప్‌లో తిరిగిన నీళ్లలో లోహం, బోర్డు మీద దుమ్ము, అన్నీ కలిసి ఉంటాయి. తుడవడానికి ముందు ఎక్కడి నుంచి కారిందో ఫొటో, వీడియో తీయండి. కొన్ని కంపెనీలు ఏఐఓ లీకై పాడైన భాగాలకి కూడా పరిహారం ఇస్తాయి, కానీ రుజువు అడుగుతాయి. తర్వాత గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, బోర్డు మీది గుండీ సెల్లు తీసేయండి. తడిసిన ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టినట్టు ఇక్కడ పనికిరాదు. నీళ్లు ఆరినా గ్లైకాల్ జిగురు బోర్డు మీదే ఉండిపోతుంది. తడిసిన చోటుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో కడిగి, ఫ్యాన్ గాలికి రెండు రోజులు ఆరబెట్టండి. స్లాట్ల లోపల, కనెక్టర్ల లోపల టార్చ్ వేసి చూసి, ఎక్కడా తడి లేదని తేలాకే కరెంటు ఇవ్వండి.

ఫ్యాన్ స్పీడ్ ఎక్కడ ఎంత పెట్టుకోవాలని చాలామంది అడిగారు. దానికి బయోస్ తెరిచి చూపించాలి, కాబట్టి అది వచ్చే ఎపిసోడ్‌లో. ఈలోపు మీ రేడియేటర్‌కి టార్చ్ పెట్టి తీసిన ఫొటో పంపండి, మీ గది ఎన్ని డిగ్రీలుందో కూడా రాయండి.